మాస్కు చాటు కోడలు

కుర్చీలో వెనక్కి వాలి ఉన్న పేషెంటు తన మామగారేనని గుర్తుపట్టగానే కోడలి చేతిలో ట్రే గల్లుమంది.

డాక్టరమ్మ కనుబొమలు ముడిచింది. మామగారు మాత్రం తల తిప్పలేదు. వాచిన దవడ పట్టుకుని, పైన వెలుగుతున్న లైటు వంక చూస్తూ మూలుగుతున్నారు. కోడలి తల మీద టోపీ, ఒంటిమీద నీలం కోటు, ముక్కు మీదుగా మాస్కు. కనిపించేవి రెండు కళ్ళే. వాటిని కూడా నేలకు దించేస్తే కన్నతల్లయినా పోల్చుకోలేదు.

ఇంట్లో వాళ్ళ లెక్కలో ఆమె ఇప్పుడు కుట్టు మిషను ముందు కూర్చుని జాకెట్టు చేతులు అతుకుతోంది. పళ్ళ ఆసుపత్రిలో పని నేర్చుకుంటానని ఊసెత్తిన రోజే మామగారు తేల్చి చెప్పేశారు, ఊరివాళ్ళ ఎంగిలి నోళ్ళు కడిగే ఖర్మ ఈ ఇంటి కోడలికి పట్టలేదని. ఆయన మాటకు ఆ ఇంట్లో తిరుగు లేదు. ఆరు నెలలుగా ఉదయం ఈ కుర్చీ పక్కన, మధ్యాహ్నం బిల్లుల కౌంటరులో, దొంగలా నేర్చుకుంటూ వచ్చింది. సోమవారం పరీక్ష. ఇవాళ రికార్డు పుస్తకంలో డాక్టరమ్మ చివరి సంతకం పెడితే చాలు. ఈ ఒక్క పన్ను గట్టెక్కితే చాలు.

అక్కడ ఒక పద్ధతి ఉంది. మత్తు సూది వేసేముందు పేషెంటు నింపిన కాగితాన్ని పక్కనున్న అమ్మాయి పైకి చదవాలి. పేషెంటు ఒక్కోదానికీ అవునో కాదో నోటితో చెప్పాలి. అంతవరకూ సూది లేవదు.

కోడలు జలుబు చేసినదానిలా గొంతు బొంగురు చేసుకుని చదవడం మొదలుపెట్టింది. షుగరు ఉందా అంటే లేదన్నారు. నిజమే. పడని మందులేమైనా ఉన్నాయా అంటే లేవన్నారు. అదీ నిజమే.

"రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారా?"

"లేదు."

కాగితం మీద ఆమె వేలు ఆగిపోయింది. గుండెకని ఇచ్చిన ఆ చిన్న తెల్ల మాత్రను రోజూ పొద్దున ఆయన అరచేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు అందించేది తనే. ఇవాళ కూడా ఇచ్చే వచ్చింది. ఆ మాత్ర వేసుకునేవాళ్ళకు పన్ను పీకితే నెత్తురు ఓ పట్టాన ఆగదని మొదటి నెలలోనే నేర్పారు. చెబితే పన్ను పీకరని దాస్తున్నారన్నమాట. పంటినొప్పి ఎంత పెద్దమనిషి చేతైనా అబద్ధమాడిస్తుంది.

"గుండెకి గానీ, ఇంకే జబ్బుకి గానీ..." అని మళ్ళీ అడిగింది.

"లేదని చెప్పానుగా అమ్మా. నాకు పన్ను నొప్పి, నీకు చెవి నొప్పా?"

డాక్టరమ్మ నవ్వాపుకుని, సూది కోసం చెయ్యి చాపింది. కోడలి చెయ్యి కదల్లేదు. అడిగింది రెండోసారి అడిగించుకోకూడదన్నది ఈ పనిలో మొదటి పాఠం.

"నిద్రపోతున్నావా?" అంది డాక్టరమ్మ, నెమ్మదిగానే.

నోరు విప్పితే గొంతు పట్టేస్తారు. విప్పకపోతే ఏమవుతుందో ఆలోచించడానికే భయమేసింది. గబగబా కాగితం అంచున నాలుగు ముక్కలు రాసి డాక్టరమ్మ ముందుకు జరిపింది. డాక్టరమ్మ దానివైపు చూడనే లేదు. విసుగ్గా ట్రేలోంచి సూది తనే తీసుకుని, మామగారి పెదవి పక్కకు లాగింది.

"మామయ్యా, అబద్ధం చెప్పకండి. రోజూ వేసుకుంటారు మీరు."

ఆ పిలుపు ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. మామగారి తల మెల్లగా ఇటు తిరిగింది. ఇక దాచి లాభం లేదని ఆమె మాస్కు కిందికి లాగేసింది.

డాక్టరమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. సూది ట్రేలో పెట్టేసింది. గుండె డాక్టరు దగ్గర్నుంచి చీటీ తెస్తే తప్ప ఆ పన్ను ముట్టుకోనని మామగారికి చెప్పి, చూసినందుకు మాత్రం బిల్లు రాయమని కోడలిని కౌంటరుకు పంపింది. రికార్డు పుస్తకం ఊసే ఎత్తలేదు.

కౌంటరు అద్దానికి అటువైపు మామగారు, ఇటువైపు కోడలు. పేషెంటు పేరే రెండుసార్లు తప్పు కొట్టింది. బిల్లు బయటికి వచ్చింది. ఆయన తీసుకోలేదు. అలాగే నిలబడ్డారు.

ఇక ఆగలేక ఆమే మొదలుపెట్టింది. కుట్టుపని అని చెప్పడం తప్పేనని, తిట్టేదేదో ఇంటికి వెళ్ళాక అందరి ముందూ తిట్టమని, కానీ ప్రాణం మీదికి తెచ్చుకునే అబద్ధం కళ్ళెదుట ఆడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయానని చెప్పింది.

మామగారు అటూ ఇటూ చూశారు. అద్దం కింది సందులోకి వంగి గొంతు తగ్గించారు.

"నీ సంగతి నేను ఇంట్లో ఎత్తను. నువ్వు కూడా నా సంగతి మీ అత్తయ్య దగ్గర ఎత్తకూడదు."

"మీ సంగతేంటి మామయ్యా?"

"నేను అబద్ధమాడింది ఇక్కడ కాదమ్మా, ఇంట్లో. నువ్విచ్చే మాత్ర నాలుక కింద పెట్టుకుని, నాలుగు నెలల నుంచి పెరట్లో ఉమ్మేస్తున్నాను."