బాఖ్ పాటలో మనవాళ్లు ఆగే చోటు

2068 నాటికి గుంటూరు చర్చిలన్నిటిలో యంత్రమే వాయిస్తోంది. ఈస్టర్ ముందురోజు ఒక చర్చిలో దాన్ని సరిచూడటానికి మెకానిక్ ఎలీషా వచ్చాడు. జర్మన్ సంగీతకారుడు బాఖ్ ట్యూన్‌లో గాయకబృందం తెలుగు కీర్తన అందుకుంది. రెండో చరణం మధ్యలో ఇరవైమందీ ఆగారు. యంత్రం ఆగలేదు.

“అక్కడ ఆగమని బాఖ్ రాయలేదు మామ్మగారూ,” అన్నాడు ఎలీషా.

“మాకు తెలీదేంటి నాయనా! మా ఆయన తొక్కే హార్మోనియం తిత్తికి చిల్లు. గాలి నిండేదాకా ఆగేవాళ్లం. అట్టా నలభై ఏళ్లు పాడాం,” అంది బృందంలో పెద్దావిడ మార్తమ్మ.

“ఇప్పుడు చిల్లు లేదుగా?”

“చిల్లూ లేదు, హార్మోనియమూ లేదు, ఆయనా లేడు. ఆ ఆగడం ఒక్కటే ఉంది. అదీ పట్టుకుపోతావా?”

యంత్రంలో ఇవాళ అమర్చినదే ఇక శాశ్వతం. ఎలీషా తెర మీద ఆ చరణం తెరిచాడు.

“ఎంతసేపు ఆగాలి?”

మార్తమ్మ కళ్లు మూసుకుని పాదంతో నేలను మూడుసార్లు తొక్కింది. మూడోది ఆలస్యంగా పడింది.

“మూడూ సమానంగా పెట్టనా?”

“వద్దు. ఆయనకి మోకాలి నొప్పి.”

ఎలీషా అలాగే పెట్టాడు.