సగంలో ఆగిన కంప్యూటర్

గరాజ్‌లో పడి ఉన్న అట్టపెట్టెల్ని అమ్మేద్దామని పుష్పలత ఆక్లాండ్ తెలుగువాళ్ళ గ్రూపులో ఫోటో పెట్టింది.

కాసేపటికి ఓ మెసేజ్ వచ్చింది.

"అమ్మకండి అక్కా. నేనొచ్చి బిగించి పెడతాను."

శనివారం పొద్దున మౌంట్ ఆల్బర్ట్‌లోని ఆ ఇంటి బెల్లు మోగింది. గుమ్మంలో ముప్పై ఏళ్ళు కూడా నిండని కుర్రాడు, చేతిలో సూట్‌కేసుతో నిలబడి ఉన్నాడు. పేరు ధీరజ్ అన్నాడు. హామిల్టన్ నుంచి వచ్చానన్నాడు.

"అంత దూరం నుంచా! ఎందుకు బాబూ శ్రమ?"

"సాయంత్రం ఫ్లైట్ అక్కా. వీసా అయిపోయింది, ఇండియా వెళ్ళిపోతున్నా. ఎలాగూ ఎయిర్‌పోర్టుకి రావాలిగా."

పుష్పలత గరాజ్‌లో లైటు వేసింది. భర్త జనార్దన్ పోయినప్పటి నుంచి ఎవరూ ఆ మూలకి వెళ్ళలేదు.

ధీరజ్ ఒక్కో పెట్టె మీద దుమ్ము చేత్తో తుడిచాడు. ప్రాసెసర్ ఉంది. మదర్‌బోర్డు ఉంది. మెమరీ ఉంది. ఖరీదైన గేమింగ్ కంప్యూటర్ తయారుచేసుకుందామని కొంటూ కొంటూ సగంలో ఆగిపోయిన సామాను అది.

"గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై, కేబినెట్ కొనాలక్కా."

"ఆయన సరదాకి కొనుక్కున్నారు. మనిషే లేనప్పుడు ఇంకా కొనడమెందుకు?"

"అమ్మా, ప్లీజ్," అంది వెనక నుంచి వర్షిణి.

పదిహేనేళ్ళ పిల్ల. తండ్రి పోయాక నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదలు. పుష్పలత కాదనలేక కారు తాళాలు తీసింది.

షాపులో అన్నీ రంగురంగుల లైట్లు. సేల్స్‌మాన్ అన్నిటికంటే పెద్ద కార్డు తెచ్చి చూపించాడు.

ధీరజ్ దాన్ని పట్టించుకోలేదు. "దీంతో ఏం చేద్దామనుకుంటున్నావు?" అని వర్షిణిని అడిగాడు.

"గేమ్స్ చెయ్యాలి. ఆడటం కాదు, మేకింగ్. క్యారెక్టర్స్ నేనే గీస్తా."

కూతురికి అలాంటి కోరిక ఒకటుందని పుష్పలతకి అప్పుడే తెలిసింది.

"అయితే ఇది చాలు," అంటూ ధీరజ్ వేరే కార్డు తీశాడు. "బొమ్మలు చేసుకోవడానికి బాగుంటుంది. ఆ పెద్దది పెడితే గదంతా వేడి. ఫ్యాన్ల రొదకి అమ్మకి నిద్ర కూడా పట్టదు."

లైట్లు లేని నల్ల కేబినెట్ ఒకటి చూశాడు. వర్షిణి మొహం చిన్నబోయింది. అతను నవ్వి, లైట్లున్నదే తీసుకున్నాడు.

ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ మీద అన్నీ పరుచుకుని, ఒక్కో స్క్రూ బిగిస్తూ కూర్చున్నాడు. వర్షిణి చేత కూడా బిగింపించాడు. మధ్యాహ్నం పుష్పలత టమాటా పప్పు, వంకాయ వేపుడు చేసి కంచంలో వడ్డించింది.

అన్నం కలుపుతూ అన్నాడు.

"అక్కా, మీకో మాట చెప్పాలి."

ఆమె చూపు ఆ కంప్యూటర్ మీదే ఉంది.

"ఈ గేముల వల్లే నా కొంప మునిగింది బాబూ. సెలవు దొరికితే చాలు, పాత లాప్‌టాప్ ముందు ఆ హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చునేవారు. అవతల ఎవడో ఒకడు. 'తమ్ముడూ, తమ్ముడూ' అని వాడితోనే కబుర్లు. నాతో అన్ని మాటలు ఏనాడూ మాట్లాడలేదు."

ధీరజ్ చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఆ రోజూ అంతే. నేను ముసలివాళ్ళని చూసుకునే రెస్ట్‌హోమ్‌లో డ్యూటీలో ఉన్నాను. ఇది స్కూల్లో ఉంది. ఆయనకి గుండె పట్టేసింది. నేనొచ్చేసరికి వాకిట్లో అంబులెన్సు, ఆయనే ఫోన్ చేసుకున్నట్టున్నారు. అప్పటికే అయిపోయింది. ఒక్కరే పోయారు బాబూ, పలకరించే దిక్కు లేకుండా పోయారు."

కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"వాడు నాకో ఫోన్ కూడా చెయ్యలేదు. ఆడుకోవడానికి ఇంకొకణ్ణి వెతుక్కుని ఉంటాడు. ఎప్పుడైనా వాడు నా గడప తొక్కితే మాత్రం నేను మనిషిని కాను."



"ఇంతకీ ఏదో చెప్తానన్నావు?"

"ఏం లేదక్కా."

కలిపిన అన్నం అలాగే వదిలేసి లేచాడు. ఈ కాలం పిల్లలకి పప్పన్నం ఎక్కడ సహిస్తుందిలే అనుకుంది పుష్పలత.

కంప్యూటర్ వెలిగింది. వర్షిణి చప్పట్లు కొట్టింది. అతను ఆ పిల్ల తల మీద ఓసారి చెయ్యి వేసి, సూట్‌కేసు అందుకున్నాడు.

"వస్తాను వదినా."

ఇందాకటిదాకా అక్కా అన్నవాడు ఇప్పుడు వదినా అంటాడేమిటి అనుకునేలోపే టాక్సీ మలుపు తిరిగిపోయింది.

సాయంత్రం వర్షిణి తండ్రి ఆడే గేము ఆయన అకౌంటుతోనే తెరిచింది. స్పీకర్లోంచి ఓ ముసలావిడ గొంతు ఇంగ్లీషులో పలికింది.

"జనార్దన్ వాళ్ళమ్మాయివా? నేను హెలెన్ని, లోవర్ హట్ ఊరి నుంచి. మీ నాన్న, ధీరజ్, నేను ఒకటే టీము. ధీరజ్ ఉన్నాడా?"

ధీరజ్ కంచం కడుగుతున్న పుష్పలత తడిచేతులతోనే గది గుమ్మంలోకి వచ్చింది.

"వెళ్ళిపోయాడు. అతనొచ్చాడని మీకెలా తెలుసు?" అంది వర్షిణి.

"మీ అమ్మకి చెప్పేశాడా మరి?"

"ఏం చెప్పాలి?"



"చెప్పలేకపోయాడన్నమాట. మీ అమ్మ ముందుకి రావడానికి ధైర్యం చాలకే ఇన్నాళ్ళూ ఆగాడు. ఆ రోజు మీ నాన్న కుప్పకూలగానే అంబులెన్సుకి ఫోన్ చేసింది అతనేనమ్మా. నేనూ లైన్లోనే ఉన్నాను. మీ భాష నాకు రాదు, అందుకని వాళ్ళేం మాట్లాడుకున్నారో తర్వాత ధీరజ్‌ని అడిగి తెలుసుకున్నాను."

పుష్పలత వచ్చి వర్షిణి పక్కన స్పీకర్ వైపు వంగింది.

"అంబులెన్సు వాళ్ళు తలుపు పగలగొట్టుకుని లోపలికొచ్చేదాకా 'అన్నా, నేనున్నా, నీ పక్కనే ఉన్నా' అంటూ ఒక్క క్షణం కూడా ఆపకుండా మాట్లాడాడట. ఊపిరి ఆడకపోయినా మీ నాన్న కూడబలుక్కుని, 'ఆ కంప్యూటర్ నాక్కాదు, మా పాపకి, నువ్వే పూర్తిచెయ్యి తమ్ముడూ' అని చెప్పింది అతనికే."