బిళ్ళ ఊడిన రోజు

ట్రయాథ్లాన్‌లో భుజానికి అతికించుకునే యంత్రపు బిళ్ళ లేనివాళ్లు ఇప్పుడెవరూ లేరు. సముద్రంలో ఎంత జోరుగా ఈదాలో, సైకిలు మీద ఎప్పుడు నీళ్లు తాగాలో, పరుగులో ఎక్కడ నెమ్మదించాలో అదే చెబుతుంది. పోటీ ముగించే వేళను కూడా ముందే ఇంటికి చెప్పేస్తుంది. అందుకే ముగింపు గీత దగ్గర ఎవరూ కాచుకుని కూర్చోరు. మా ఆవిడ పోటీలప్పుడు నేనూ బట్టలు ఆరేసి, తీరిగ్గా బయల్దేరేవాణ్ణి.

ఈసారి నీలవేణి రుషికొండ దగ్గర నీళ్లలోకి దిగిన కాసేపటికే, మా ఇంటి తెర మీద ఆమె ఎక్కడుందో చూపించే చుక్క ఆరిపోయింది. తడిబట్టలు బకెట్లోనే వదిలేసి ముగింపు గీత దగ్గరికి పరిగెత్తాను.

"బిళ్ళ ఊడిపోయుంటదండి," అన్నారు నిర్వాహకులు. ఆమె ఒడ్డెక్కిందో లేదో ఒక్కరూ చూడలేదు. చూసే పని బిళ్ళదే కదా!

పొద్దు వాలాక మలుపులో ఆమె కనిపించింది.

"దాహమేస్తే తాగాను, ఆయాసమొస్తే తగ్గాను," అంది గీత దాటి, నా భుజం పట్టుకుని రొప్పుతూ. "నా టైమెంత?"

"చూళ్ళేదే."

"మరి పొద్దుట్నుంచి ఇక్కడ ఏటి చూసేవు?"

"నువ్వొస్తావేమోనని రోడ్డు."

ఎండకు కమిలిన నా మొహాన్ని తేరిపార చూసింది.

"అయితే వచ్చేసారి ఆ బిళ్ళని నేనే ఊడబీకేస్తాను," అంది.