మెట్టు ఎక్కుతారా?

"అయ్యో రాత! మళ్లీ 'వద్దు' నొక్కిందండీ!"

డ్రిల్లు మాస్టారి కేకకి స్టాఫంతా గొల్లున నవ్వారు. హెడ్మాస్టరు జయరావుకి తల కొట్టేసినట్టయింది. నొక్కింది మరెవరో కాదు, కట్టుకున్న పెళ్లాం, ఎనిమిదో క్లాసుకి లెక్కలు చెప్పే రెబ్కా టీచరు.

చీరాలలోని ఆ మిషన్ హైస్కూలుకి అప్పుడే కొత్తగా కంప్యూటరొచ్చింది. హెడ్మాస్టరై ఇంకా ఏడాది నిండని జయరావు దాన్ని ఊరికే ఉంచుతాడా? రాత్రీ పగలూ కూచుని సొంతంగా ఓ ఆట తయారుచేశాడు. పత్తిచేలో తెల్లదోమని చంపితే అనుభవం మార్కులు పడతాయి. మార్కులు నిండగానే "మెట్టు ఎక్కుతారా?" అని తెర మీద ప్రశ్న. ఊఁ అంటే కూలీ పాలేరవుతాడు, పాలేరు కౌలుదారవుతాడు, చివరికి ఆసామి. అడగడం మర్యాద కదా అని ఆ ప్రశ్న పెట్టాడు గానీ, వద్దనేవాళ్లు కూడా ఉంటారని కల్లో కూడా అనుకోలేదు పాపం.

డ్రిల్లు మాస్టారితో సహా అందరూ ఆసాములైపోయారు. రెబ్కా మాత్రం ఇంకా కూలీయే! అదీ, స్కూలు కమిటీకి పెద్దాయన జక్రయ్యగారు పనిగట్టుకుని ఆట చూడ్డానికొచ్చిన రోజున!

"మార్కులు నిండి పొర్లిపోతున్నాయి కదే! ఎక్కితే ఏం పోయింది?" అన్నాడు జయరావు పళ్లు బిగబట్టి.

"నాకిక్కడే బాగుందండీ," అంది రెబ్కా.

ఇంటర్వెల్ అయిపోయింది. చాక్‌పీసులు తీసుకుని ఆమె క్లాసుకి వెళ్లిపోయింది. మిగతావాళ్లూ నవ్వుకుంటూ కదిలారు. గదిలో జయరావు, జక్రయ్యగారు ఇద్దరే మిగిలారు.

జయరావు చెవులింకా మండుతూనే ఉన్నాయి. "చూశారుగా అయ్యగారూ! పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే వరస. పైకి రావాలన్న యావే లేదు. నేను కష్టపడి హెడ్మాస్టర్నయ్యానా లేదా? ఈవిడ నా భార్య అని చెప్పుకోడానికే సిగ్గేస్తోందండీ."

జక్రయ్యగారు తెర మీంచి చూపు తిప్పి జయరావు వైపు కుర్చీ జరుపుకున్నారు.

"చెప్పనని మాటిచ్చానయ్యా, కానీ ఇది విన్నాక ఊరుకోలేను," అన్నారు. "నిరుడు మేం హెడ్మాస్టరు పోస్టు ఇచ్చింది ఆ అమ్మాయికే. తన కింద పనిచేయాల్సొస్తే నలుగురిలో నువ్వు తలెత్తుకోలేవని, ఆ పోస్టు నీకిమ్మని మమ్మల్ని బతిమాలుకుని వెళ్లింది."