నీడ పడ్డ నారు

షాపు అద్దం వెనక ఊదారంగు దీపం వెలుగుతోంది. దాని కింద ప్లాస్టిక్ మొక్క.

పెద్దాయన బయటే నిలబడి ఆ మొక్కను కాసేపు చూశాడు. తర్వాత లోపలికి వచ్చాడు.

కౌంటర్ వెనక వైరు చుట్ట విప్పుతున్న సేల్స్‌మన్ తలెత్తాడు. చేతిలో చుట్ట అలాగే ఉండిపోయింది.

వచ్చింది మామగారు.

పెళ్ళయి రెండేళ్ళు. ఆయన ఒక్కసారీ వాళ్ళ గడప తొక్కలేదు. అల్లుడే ఒకసారి ఆయన మొక్కల నర్సరీ దాకా వెళ్ళాడు. గేటు తెరుచుకోలేదు. కూతురు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేది.

నర్సరీ చూసుకోవలసిన పిల్లని బల్బులమ్ముకునేవాడు ఎగరేసుకుపోయాడని ఆయన కనపడ్డవాళ్ళందరికీ చెప్పాడు.

"రండి సార్, కూర్చోండి," అన్నాడు యజమాని. ఈ చుట్టరికం సంగతి అతనికి తెలియదు.

పెద్దాయన కూర్చోలేదు.

"మొక్కలకి పెట్టే దీపాలు కావాలి. నాది నారు పెంచే షెడ్డు. పక్కన ఎనిమిది అంతస్తులు లేపారు. మధ్యాహ్నం దాకా ఎండ మొహం కనపడట్లేదు. నారు సన్నగా సాగిపోయి వాలిపోతోంది."

"ఎక్కణ్ణుంచి వస్తున్నారు?"

పెద్దాయన చెప్పాడు.

"అంత దూరం నుంచా? మీ వీధి చివర ఇంతకంటే పెద్ద షాపే ఉందిగా!"

"ఉంది."

యజమాని సేల్స్‌మన్ వైపు తిరిగాడు. "ఆ కొత్త సరుకు చూపించవయ్యా."

అల్లుడు ఊదా దీపం తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. డబ్బా మీద వెయ్యి వాట్లని పెద్ద అక్షరాలతో ఉంది.

"ఇది ఎన్ని నారు బల్లలకి వస్తుందో చెప్పమనండి," అన్నాడు పెద్దాయన, యజమానితో.

"రెండు బల్లలకండీ," అన్నాడు అల్లుడు, అతనూ యజమానితోనే.

యజమాని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"కరెంటు ఎంత లాగుతుందో చెప్పమనండి."

అల్లుడు దీపాన్ని మీటరున్న ప్లగ్గులో పెట్టి, మీటరును పెద్దాయన వైపు తిప్పాడు. అంకె వంద కూడా దాటలేదు.

"డబ్బా మీద రాతలు నమ్మకండి."

యజమాని గొంతు సవరించుకున్నాడు.

పెద్దాయన చేతిసంచిలోంచి తడిగుడ్డలో చుట్టిన మిరప మొక్క ఒకటి తీశాడు. బక్కగా, దారంలా ఉంది. దాన్ని దీపం కింద పట్టుకున్నాడు.

"ఆకు నల్లగా ఉంది."

"ఇందులో ఎరుపూ నీలమే ఉంటాయండీ. ఆకుపచ్చ తెలీదు."

"మరి ఆకు పసుపెక్కితే? మచ్చ పడితే?"

"దీపం ఆర్పి చూసుకోవాలి."

"నారు చచ్చాక చూసుకోవాలి."

అల్లుడు లోపలికి వెళ్ళాడు. గోదాము గుమ్మం దగ్గర యజమాని అతన్ని పట్టుకున్నాడు. "ఏంటయ్యా, అమ్ముతున్నావా, పంపించేస్తున్నావా?"

అల్లుడు మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబ్ తెచ్చి వెలిగించాడు. మొక్క మళ్ళీ ఆకుపచ్చగా కనపడింది. అడుగు ఆకు మీద చిన్న పసుపు మచ్చ ఉంది.

"నారుకి ఇది చాలండీ. ఆ ఒక్క దీపం ధరకి ఇవి నాలుగొస్తాయి. షెడ్డులో తేమ ఉంటుంది కాబట్టి తడి దూరని మూతలున్నవి తీసుకోండి."

"నీకెలా తెలుసు?"

మధ్యలో యజమాని లేకుండా అడిగాడు.

"ఇంట్లో పెట్టామండీ. మా కిటికీ తీస్తే పక్కింటి గోడే."

పెద్దాయన ట్యూబ్‌ను చేతిలోకి తీసుకున్నాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"ఏం వేసింది?"

"మిరప. మొదట్లో మాదీ ఇలాగే సాగిపోయింది. ట్యూబ్ కిందకి దించమంది. జానెడు ఎత్తుకి దించాక కాండం లావెక్కింది."

"జానెడైతే ఆకు మాడదూ?"

"చెయ్యి పెట్టి చూసిందండీ. వేడి తగల్లేదు."

"అరచెయ్యి పెడితే ఏం తెలుస్తుంది!" పెద్దాయన గొంతు లేచింది. "మట్టిపనికి మొద్దుబారిపోయి ఉంటుంది. చెయ్యి తిప్పి, వెనకవైపు పెట్టాలి."

"అలాగే పెట్టిందండీ. మీరు అలాగే పెడతారటగా."

పెద్దాయన మొక్కను మళ్ళీ తడిగుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. చాలాసేపు చుట్టాడు.

"కాశాయా?"

"ఇంకా లేదండీ. పూతకొచ్చాయి."

పెద్దాయన తలూపాడు. ఇరవై ట్యూబులు కట్టమన్నాడు.

యజమాని మొహం విప్పారింది. "బిగించడానికి మావాడే వస్తాడు సార్. రేపే పంపిస్తాను."

"ఆదివారం పంపండి."

"ఆదివారం మాకు సెలవండీ."

"ఆదివారమే. ట్యూబులు వేలాడదీయాల్సిన షెడ్డు కప్పు చాలా ఎత్తు. నిచ్చెన ఎక్కితే కింద ఒక మనిషి పట్టుకోవాలి."

"మీ పనివాళ్ళు ఉంటారుగా?"

"ఆ రోజు ఎవరూ ఉండరు. పట్టుకునే మనిషిని కూడా తెచ్చుకోమనండి." పెద్దాయన సంచి భుజాన వేసుకున్నాడు. "ఆ నిచ్చెన పట్టుకోవడం దానికి అలవాటే."

"ఎవరికండీ?" అన్నాడు యజమాని.

పెద్దాయన నువ్వే చెప్పు అన్నట్టు అల్లుడి వైపు చూశాడు.