నల్ల కవరు

“ఎన్ని గంటలైందమ్మా?”

మూల మీద మందుల షాపు కౌంటర్లో ఉన్న కళ్ళజోడావిడ అరిచినంత పని చేసింది.

నర్సరీ టీచర్ అడిగింది గర్భం రాకుండా వేసుకునే మాత్ర. డాక్టరు చీటీ అక్కర్లేదు, కలిసిన మూడు రోజుల్లోపు మింగాలి.

“నిన్న...” గొణిగింది టీచర్.

“ఆఁ? గట్టిగా చెప్పు! ఇంకేమన్నా మందులు వాడుతున్నావా? టీబీకా, ఫిట్స్‌కా?”

వెనక నిలబడ్డావిడ ముసిముసిగా నవ్వింది. ఆవిడ కొడుకు ఈ టీచర్ క్లాసే.

టీచర్‌కి తల కొట్టేసినట్టయింది. తనకి ఫిట్స్ ఉన్నట్టు స్కూల్లో పురుగుక్కూడా తెలీదు. వాడుతున్న ఫిట్స్ మందు మార్చేదాకా పిల్లలొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

“మాత్ర అడిగితే జాతకం చెప్పాలా?”

“చెప్పందే ఇవ్వను తల్లీ.”

“నీ ఉద్యోగం ఊడగొట్టకపోతే నా పేరు మార్చుకుంటా!”

విసురుగా బయటికొచ్చి ఇంకో షాపుకెళ్ళింది. వీధి చివరి ఆ షాపతను తలే ఎత్తలేదు. మాత్రని నల్ల కవర్లో పెట్టి చేతికిచ్చాడు.

మర్యాదంటే ఇదీ అనుకుంటూ ఇంటికెళ్ళి మింగేసింది. కోపమే దిగలేదు.

ఆడవాళ్ళ పరువు తీస్తోందంటూ రెండు పేజీల ఫిర్యాదు రాసింది. స్టాఫ్‌రూమ్‌లో పదకొండు సంతకాలు పోగేసి, మూల మీద షాపు యజమాని చేతిలో పెట్టొచ్చింది.

వారం తిరిగేసరికి కౌంటర్లో కొత్త మనిషి.

కళ్ళారా చూసుకోవడానికే వెళ్ళి, అవసరం లేకపోయినా ఇంత దూది కొనుక్కుంది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

తర్వాత నెల తప్పింది.

“ఫిట్స్ మందు వాడుతూ ఆ మాత్ర మింగావా?” లేడీ డాక్టరు నెత్తి కొట్టుకుంది. “నీ మందు దాన్ని పనిచెయ్యనివ్వదమ్మా. ఆ రోజే నా దగ్గరికొస్తే గర్భం నిలవకుండా లూప్ వేసేదాన్ని. షాపులో ఎవరూ అడగలేదా?”

టీచర్ పర్సు జిప్పు లాగి, మళ్ళీ మూసింది.

“అడిగే మనిషి ఒక్కర్తే ఉండేది, మూల మీద షాపులో. నీలాంటి వాళ్ళని తనే ఆటో ఎక్కించి నా దగ్గరికి పంపేది. ఎవరో మహాతల్లి పదకొండు సంతకాలతో ఆవిడ నోటి దగ్గర కూడు లాగేసిందట.”

“ఆవిడ... అంత గట్టిగా అరుస్తుంది కదండీ,” అంది టీచర్ తల దించుకుని.

“ముప్పై ఏళ్ళు పురిటి వార్డులో చేసిన నర్సమ్మ. రెండు చెవులూ సరిగ్గా వినపడవు.”