శిరివెళ్లలో మొండికేసిన లారీ

గొడ్డళ్లు పట్టుకున్న మనుషుల్ని ఎక్కించుకోవడానికి శిరివెళ్లలో ఆపిన పాత మిలిటరీ లారీ మళ్లీ స్టార్టు కాలేదు.

"యుద్ధమై పదేండ్లాయ. ఇంగా మిలిటరీ డ్రైవరునని మీసం తిప్పుతాండావ్. ఆడ లారీలు తోలినావా, గాడిదల్ని తోలినావా?" అన్నాడు యజమాని ఓబులేసు.

ఆళ్లగడ్డలో ఉండే అతని దాయాది ఆ పొద్దు నంద్యాల కోర్టుకు పోయాడు. తిరిగొచ్చేలోగా వాడి అరటితోట నరికెయ్యాలని ఓబులేసు ఆత్రం.

డ్రైవరు దస్తగిరి ప్లగ్గులు విప్పి తుడిచాడు. పెట్రోలు పైపు ఊదాడు. చెమటలు కారేలా హ్యాండిలు తిప్పాడు.

"పెట్రోలు వస్తాందప్పా. కరెంటే రాలేదు."

"నీకు సిగ్గు గూడా రాలేదు! ఎద్దులబండి కట్టుకోనింటే ఈపాటికి తోట నేలమట్టమయ్యుండు."

లారీలోని వాళ్లు పగలబడి నవ్వారు. దిగి తోశారు. లారీ దొర్లింది గానీ ఇంజను పలకలేదు.

అంతలో నంద్యాల నుంచి వచ్చే బస్సు వాళ్లను దాటింది. దాయాది కిటికీలోంచి తల బయటపెట్టి, "నిన్ను గాదు దస్తగిరీ, నీ చేతికి లారీ ఇచ్చినోన్ని అనాల!" అని వెక్కిరించాడు.

ఓబులేసు దస్తగిరిని అక్కడికక్కడే పనిలోంచి తీసేశాడు.

దస్తగిరి నంద్యాల దారి పట్టాడు. ఊరు దాటాక జేబులోంచి రోటరు తీసి చూసుకున్నాడు. వేలెడంత ముక్క. అది లేకుంటే ఏ ప్లగ్గుకూ కరెంటు అందదు. లారీ శత్రువు చేతికి చిక్కేటట్టుంటే దాన్ని పీకి దాచుకోమని మిలిటరీలో నేర్పారు.

యుద్ధం జరిగినన్నాళ్లూ అతనికి ఆ అవసరం రాలేదు.